కరెంటు పోయిన పాట కోసం కర్నూలుకు

ఆరాంఘర్ దాటగానే బావ పెన్‌డ్రైవ్ పెట్టాడు. స్పీకర్లలోంచి ముందు ఎవరిదో దగ్గు, తర్వాత ఇనుప కుర్చీ జరిపిన చప్పుడు, తర్వాత "ఉడకబెట్టిన బుడ్డలో!" అని వేరుశనక్కాయలు అమ్మే ఒక పిల్లవాడి కేక. అప్పుడు గానీ పాట మొదలు కాదు. 1988 వినాయక చవితి నుంచి వింటున్నాం. ఆ దగ్గు కూడా మాకు పాటలో భాగమే.

కారులో ముగ్గురం. నేను, మా బావ, వెనక సీట్లో బ్యాంకు. వాడికి వేరే పేరుంది కానీ క్యాషియర్ ఉద్యోగం వచ్చిన రోజు నుంచి ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. వీఆర్ఎస్ తీసుకున్నా బ్యాంకు బ్యాంకే. ముగ్గురం కర్నూలులో ఇంటర్ కలిసి చదివాం, కలిసి తప్పాం, కలిసే మళ్ళీ రాశాం. బావ నాకు బావ అయింది తర్వాత.

మేం పోతున్నది మా ఆర్కెస్ట్రా కచేరీకి. "మా" అంటే మేం వాయించేది కాదు, మేం పడి చచ్చేది. ఎనభైల్లో కర్నూలులో వినాయకుడి పందిరి పెట్టిన ప్రతి వీధికీ ఒక రాత్రి ఆర్కెస్ట్రా ఉండాల్సిందే. బెంగళూరు పార్టీలూ హైదరాబాదు పార్టీలూ వచ్చేవి. మాకు మాత్రం మా ఊరి పార్టీ అంటేనే ప్రాణం. సింగర్ అన్న పగలు కరెంటాఫీసులో గుమాస్తా. కీబోర్డు ఆయన బడిపంతులు. డ్రమ్స్ వాయించే ఆయన్ని ఊరంతా డ్రమ్స్ భాయ్ అనేది. ఆయనకు పగలు టైర్ల పంక్చర్ షాపు. ఆ చేతులు చూస్తే తెలిసిపోయేది.

ఇప్పుడు ఆ పాట మొదట ఎక్కిన టేపు సంగతి చెప్పాలి. స్టేజీ మీద ప్లగ్గు దొరకలేదని బావ తన టూ-ఇన్-వన్‌ని సెల్లు వేసి తెచ్చి, స్టేజీ అంచున తివాచీ కింద సగం దాచి రికార్డింగ్ బటన్ నొక్కాడు. చివర్లో పాడే డిస్కో పాట రెండో చరణం మధ్యలో కరెంటు పోయింది. మైకు పోయింది, కీబోర్డు పోయింది, సింగర్ అన్న నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. "కరెంటాఫీసోడు పాడితే కరెంటుంటాదా!" అని ఎవరో అరిచారు, అది కూడా టేపులో ఉంది. కరెంటు అక్కర్లేనివి రెండే మిగిలాయి, భాయ్ డ్రమ్సూ బావ టేప్‌రికార్డరూ. జనరేటర్ లేచే దాకా చీకట్లో మూడు నిమిషాల పది సెకన్లు భాయ్ ఒక్కడే వాయించాడు. ఆ పది సెకన్ల లెక్క బ్యాంకుది. ఆ టేపును ఊళ్ళో ఎంతమంది కాపీ చేయించుకున్నారో. హాస్టల్లో పరీక్షకు పోయే ముందు విని పోయేవాళ్ళున్నారు.

2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రి రెండూ కలిసి ఊరి మీద పడ్డప్పుడు కీబోర్డు ఆయన ఇంటి కింది గదిలో పెట్టిన సామానంతా మునిగింది. కీబోర్డు, మైకులు, ఆంప్లిఫయర్లు, డ్రమ్ సెట్టు, పాటల నోటు పుస్తకాలు. నీళ్ళు తీశాక బేస్ డ్రమ్ములో మోకాటి లోతు బురద ఉందట. అప్పటికే రికార్డు చేసిన ట్రాకులు పెట్టుకుని పాడే రోజులు వచ్చేశాయి. పార్టీ మళ్ళీ లేవలేదు. పందిరి పెట్టి 40 ఏళ్ళయిందని వీధి కమిటీవాళ్ళు ఈసారి వాళ్ళనే ఒప్పించి స్టేజీ ఎక్కిస్తున్నారని ఫోన్ రాగానే బ్యాంకు ఒకటే మాట అన్నాడు: "ఆ సోలో ఇంకోసారి ఇనకుండా పోతే బతుకే దండగప్పా."

దారి గురించి పెద్దగా రాయడానికి లేదు. జడ్చర్ల దగ్గర తిన్న భోజనం ఎంత తొందరగా మరిచిపోతే అంత మంచిది. బీచుపల్లి వంతెన మీద కారు ఆపి కృష్ణ నీళ్ళు చూశాం, ఆంజనేయుడి గుడి వైపు దండం పెట్టుకున్నాం. అలంపురం చౌరస్తా దగ్గర మళ్ళీ పాత గొడవ మొదలైంది. వయసైపోయిన వాళ్ళ చేత పాడించడం అన్యాయమని నేనూ, కాదని బావా. వాడికి ఒక ఉదాహరణ ఎప్పుడూ రెడీగా ఉంటుంది. 2003 ఏప్రిల్‌లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి పోయి బ్రిటిష్ రాక్ బ్యాండు రోలింగ్ స్టోన్స్‌ని చూసొచ్చాడు. అప్పటికే ఆ బ్యాండుకు 40 ఏళ్ళు దాటాయి, సింగర్ మిక్ జాగర్‌కి 59, డ్రమ్మర్ చార్లీ వాట్స్‌కి 61. "స్టేజీ ఆ కొస నుంచి ఈ కొసకు ఉరికినాడ్రా. 2024లో 80 ఏళ్ళు వచ్చినాక కూడా అమెరికా అంతా తిరిగి పాడినాడు" అంటాడు. నాకు జాగర్ కన్నా వాట్స్ సంగతే బాగుంటుంది. ఆయన కుడి చేత్తో హై-హ్యాట్ తాళాల మీద వాయిస్తూ, ఎడమ చెయ్యి స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద పడే ప్రతిసారీ కుడి చెయ్యి లేపేసేవాడట. రెండూ ఒకేసారి మోగవు. ఆ చిన్న ఖాళీలోనే ఆయన నడక ఉందంటాడు బావ. ఆయన 2021 ఆగస్టులో పోయినప్పుడు బావ ఆఫీసుకు సెలవు పెట్టాడు. ఏం కారణం రాశాడో చెప్పడు.

తుంగభద్ర వంతెన ఎక్కేసరికి నాలుగున్నర. నది నిండుగా పోతోంది. లాడ్జిలో మొహాలు కడుక్కుని కొండారెడ్డి బురుజు దాకా నడిచాం. ఆంధ్ర రాష్ట్రానికి 1953 నుంచి 1956 దాకా రాజధానిగా ఉన్న ఊరు ఇది. పోయినదాన్ని తలుచుకోవడం మాకు కొత్తేం కాదు.

పందిరి పాతబస్తీలో. వీధి అదే, ఇళ్ళే మారాయి. రెండు వందల కుర్చీలు వేస్తే ఏడున్నరకు నలభై నిండాయి. ముందు రెండు వరుసలూ మా వయసువాళ్ళే. జుట్టుకు రంగేసినవాళ్ళు, వేసి మానేసినవాళ్ళు, మోకాళ్ళకు పట్టీలు కట్టుకున్నవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా చూడని మొహాలు కూడా గుర్తుపట్టాం, ఎందుకంటే అందరి చూపూ స్టేజీ మీద ఒకే చోట ఉంది. అద్దెకు తెచ్చిన డ్రమ్ సెట్టు.

వినాయకుడి పక్కన బాలు ఫోటోకు దండ వేశారు. మొదటి పాట ఆయనకే. సింగర్ అన్న మైకు పట్టుకోవడం మాత్రం మారలేదు, చిటికెన వేలు విడిగా పెట్టి. పల్లవి మొదలుపెట్టగానే బ్యాంకు నా తొడ మీద గిల్లాడు.

"శ్రుతి నాలుగు మెట్లు దింపినాడురా."

"నీకెట్లా తెలుసు?"

"టేపు నా చెవుల్లో ఉండాది. నాలుగు మెట్లు."

వెనక నుంచి ఒక పెద్దాయన విసుక్కున్నాడు. "గొంతు దిగుతాది గానీ పెరుగుతాదా నాయనా? నువ్వు మెట్లు దిగేటప్పుడు కడ్డీ పట్టుకోవా?" బ్యాంకు నోరు మూసుకున్నాడు కానీ ముఖం మాడిపోయింది. మూడో పాటలో పై స్థాయికి పోవాల్సిన చోట సింగర్ అన్న మైకును మా వైపు తిప్పాడు, మీరు పాడండి అన్నట్టు. ఎందుకు తిప్పాడో రెండు వరుసలకూ తెలుసు. మేం అందుకున్నాం. మాకూ అందలేదు. నలభై మందిమీ ఒకేసారి కీచుమన్నాం. స్టేజీ మీద ఆయన నవ్వాడు, కింద మేం నవ్వాం. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న వీధి పిల్లలు తలెత్తి చూశారు.

నేను మాత్రం చూస్తున్నది డ్రమ్స్ వైపే. భాయ్‌ని ఇప్పుడందరూ చాచా అంటున్నారు. కుడి కాలి చెప్పు విప్పి పక్కన పెట్టి, వట్టి కాలితో పెడల్ తొక్కుతున్నాడు. స్నేర్ మీద మడిచిన రుమాలు పరిచాడు, అద్దె డ్రమ్ము గలగలమంటోందని కాబోలు. బావ నన్ను మోచేత్తో పొడిచాడు. "చూడు, చూడు." స్నేర్ మీద దెబ్బ పడ్డప్పుడల్లా చాచా కుడి చెయ్యి తాళాల మీద నుంచి లేస్తోంది. చార్లీ వాట్స్ లాగే. "చెప్పినా కదరా!" అని బావ కళ్ళు తుడుచుకున్నాడు. (చాచాను తర్వాత అడిగితే, భుజం పట్టేసి రెండేళ్ళయింది, రెండూ కలిపి కొడితే పోటు వస్తాది, అన్నాడు. ఈ ముక్క బావకు ఇంకా చెప్పలేదు.)

పదిన్నరకు ఆ పాట వచ్చింది. మొదటి చరణం అయింది. రెండో చరణం సగంలో ముందు వరుసలో ఎవరో లేచి అరిచారు: "కరెంటు తీయండప్పా!" ఇంకొకరు అందుకున్నారు. పది మంది అరిచారు. కమిటీ కుర్రాడికి ఏం అర్థం కాలేదు, షార్ట్ సర్క్యూటేమో అని వైర్ల వైపు పరిగెత్తాడు. సింగర్ అన్నకు అర్థమైంది. పాట ఆపి, మైకు స్టాండుకు తగిలించి, కుర్రాడికి మెయిన్ వైపు చెయ్యి చూపించాడు. పందిరి చీకటైంది. వినాయకుడి ముందు దీపం ఒక్కటే.

చాచా కాసేపు ఏమీ వాయించలేదు. తర్వాత మొదలుపెట్టాడు, బేస్ డ్రమ్ మీద, కాలితో ఒక్కో దెబ్బ. మా నలభై మందికీ ఆ సోలో దెబ్బ దెబ్బకీ తెలుసు. తొడల మీద, కుర్చీల మీద, ముందు కుర్చీల వీపుల మీద మేమూ వాయించడం మొదలుపెట్టాం. పావు నిమిషానికి మేం ముందుకు పోయాం, ఆయన వెనక ఉండిపోయాడు. ఆగి, కలిసి, మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ మేమే ముందు. ఆయన ఎవరినీ పట్టించుకోలేదు. ఒక పిల్ల ఫోన్ టార్చి వేసి ఆయన చేతుల మీద పట్టింది. పంక్చర్లు వేసిన ఆ నల్లటి గోళ్ళు, పుల్లను వేళ్ళతో కాక అరచేత్తో నొక్కి పట్టిన తీరు కనిపించాయి. ఒక్కొక్కరుగా చేతులు ఆపేశాం. రెండు నిమిషాలు దాటిందో లేదో, ఆయన పుల్లలు రుమాలు మీద పెట్టి, "ఇంగ లైట్ ఎయ్యి బేటా" అన్నాడు. కుర్రాడికి చీకట్లో స్విచ్ దొరకలేదు. అప్పుడు మాత్రం నిజంగానే కాసేపు కరెంటు లేనట్టు కూర్చున్నాం.

కచేరీ అయ్యాక స్టేజీ వెనక టీ ఇచ్చారు. బ్యాంకు ఊరుకుంటాడా. "చాచా, స్పీడ్ తగ్గించినావే" అన్నాడు. చాచా ఏమీ అనకుండా టీ ఊదుకుంటున్నాడు. బావ ఫోన్లో టేపు పెట్టి కీబోర్డు మేష్టారి చేతికిచ్చాడు. ఆయన విని ముందు నవ్వాడు. "ఇది మేం కాదప్పా. చిన్నపిల్లలు పాడినట్టుండాది." కీబోర్డు ఇంకా సర్దలేదు. ఆన్ చేసి ఒక మెట్టు నొక్కాడు, ఇంకోటి నొక్కాడు. "మేం ఎప్పుడూ ఈ పాటకు పెట్టింది సీ షార్పు. ఇందులో రెండు మెట్లు పైన డీ షార్పు మోగుతాండాది. ఇయ్యాల పాడింది రెండు మెట్లు కింద, బీ. నువ్వు చెప్పే నాలుగు మెట్లలో రెండే మావి." ఇంకోసారి విన్నాడు. "దీన్ని సెల్లతో రికార్డు చేసినారా?"

నాకు వెంటనే మా మిద్దె కనిపించింది. కొత్త సెల్లకు డబ్బుల్లేక, టార్చిలైటులో అయిపోయిన సెల్లను బావా నేనూ రెండు రోజులు మిద్దె మీద ఎండబెట్టి వేశాం. కచేరీ చివరికి వచ్చేసరికి అవి నీరసించి మోటారు నెమ్మదిగా తిరిగి ఉంటుంది. నెమ్మదిగా పట్టిన టేపు మామూలు స్పీడులో పెడితే గొంతు పైకి పోతుంది, తాళం పరిగెడుతుంది.

"అదే నేనూ అనుకుంటాంటి" అన్నాడు చాచా. "అందరూ ఆ టేపు తెచ్చి ఇనిపిస్తారు. ఇంటికి పోయి ఆ స్పీడు వాయించాలని ఎన్నిసార్లు చూసినానో. రాలేదు. నాకేమైంది అని పదేండ్లు బాధపడినా బేటా."

బ్యాంకు రాత్రంతా మాట్లాడలేదు. పొద్దున బండి దగ్గర ఉగ్గాని తినేటప్పుడు కూడా. నానబెట్టి పిండిన బొరుగుల మీద పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తే, వాడు బజ్జీ వైపు చూస్తూ "నాలుగు మెట్లని మైకులో వినపడేటట్టు అనలేదు కదా నేను?" అన్నాడు. లేదన్నాం.

తిరుగు ప్రయాణంలో బావ నన్ను స్టీరింగ్ మీద కూర్చోబెట్టి ఫోన్లో ఏదో యాప్ తెరిచాడు. రెండు మెట్లు దిగేటట్టు స్పీడును వంద నుంచి 89కి తెచ్చి కారుకు కలిపాడు. దగ్గు వచ్చింది, బరువుగా. కుర్చీ జరిగింది. తర్వాత "ఉడకబెట్టిన బుడ్డలో!" అన్న కేక.

అది పిల్లవాడి గొంతు కాదు. నలభై, నలభై ఐదేళ్ళ మనిషి. బాగా అలిసిపోయిన గొంతు, చివరి అక్షరం సరిగా లేవలేదు.

పాట మొదలవబోతుంటే బ్యాంకు వెనక నుంచి వంగి ఫోన్ అందుకున్నాడు. "ఉండు, వెనక్కి పోనీ" అన్నాడు. "ఆ బుడ్డలాయన్ని ఇంకోసారి ఇందాం."