అవ్వ వాటా

నాయన పోయిన నెలకు కాగితాల పని మొదలుపెట్టాం. ఆయన ముప్పై ఏళ్ల కిందట హిందూపురం నుంచి బెంగళూరొచ్చి, కె.ఆర్.పురంలో సొంత సంపాదనతో ఇల్లు కట్టుకున్నాడు. వీలునామా రాయలేదు. అరవై కూడా నిండలేదు, ఆ ఆలోచనే ఆయనకు వచ్చి ఉండదు.

ఇల్లు అమ్మ పేరు మీదికి మారిస్తే సరిపోతుందనుకున్నాం. మరణ ధ్రువపత్రం తొందరగానే వచ్చింది. తర్వాత వంశవృక్షం కావాలన్నారు, అది ఇక్కడ నాడకచేరి అనే రెవెన్యూ ఆఫీసులో ఇస్తారు. అఫిడవిట్‌లో అమ్మ, నేను, తమ్ముడు అని మూడు పేర్లు రాసి వకీలుకు చూపించాను. ఆయన చదివి, "మీ నాయనవాళ్ల అమ్మ ఉన్నారా?" అని అడిగారు. ఉంది. హిందూపురంలో బాబాయి దగ్గర, ఎనభై రెండేళ్లు. "అయితే ఈ కాగితం తప్పమ్మా" అన్నారు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగమనిషి వీలునామా లేకుండా పోతే, ముందుగా ఆస్తి దక్కే మొదటి తరగతి వారసుల్లో భార్యాబిడ్డలతో పాటు కన్నతల్లి కూడా ఉంటుంది. తండ్రి ఉండడు, ఆయన రెండో తరగతి. స్వార్జితమైతే మా లెక్కన నలుగురికీ సమాన వాటా. నాకు పెళ్లయినా నా వాటా నాదేనని మా ఇంట్లో అందరికీ తెలుసు. అవ్వకు నాలుగో వంతు ఉందని మాత్రం ఎవ్వరికీ తెలియదు. అవ్వకైతే అసలే తెలియదు.

పేరు రాయకుండా వదిలేస్తే ఏమవుతుందని అడిగాను. అవ్వ తదనంతరం ఆ వాటా ఆమె వారసులకు పోతుంది: బాబాయికి, ఇద్దరు అత్తలకు, నాయన బదులు మాకు. రేపు ఇల్లు అమ్మాలన్నా, లోను కావాలన్నా వాళ్లందరి సంతకాలూ కావాలి. తప్పుడు అఫిడవిట్ ఇచ్చిన పాపం వేరే.

"అవ్వతో వేలిముద్ర వేయించుకుందాం, కాదనదు" అన్నాడు తమ్ముడు. వాడిది దుర్బుద్ధి కాదు. కానీ నాకు మనసొప్పలేదు. కొడుకును పోగొట్టుకున్న మనిషి ముందు, అది ఏ కాగితమో కూడా చెప్పకుండా, స్టాంపు ప్యాడు ఎలా పెడతాం?

అప్పటికే బ్యాంకులో ఆరు లక్షల డిపాజిట్ తమ్ముడి చేతికొచ్చింది, నామినీ వాడే కాబట్టి. అదీ వాడి సొంతం కాదని వకీలు దగ్గరే తెలిసింది. నామినీ డబ్బు తీసుకుని వారసులకు అందించవలసినవాడు మాత్రమే. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023లో ఈ మాటే చెప్పింది. పాపం తమ్ముడు ఆ రోజంతా మాట్లాడలేదు. రాత్రి వాడే అన్నాడు, "అక్కా, హిందూపురం పోదాం పద" అని.

అవ్వ మంచం పక్కన కూర్చుని, ఇంట్లో ఎంత, డిపాజిట్‌లో ఎంత అని విడివిడిగా చెప్పాను. చాలాసేపు పైట చెంగు మడతపెడుతూ కూర్చుంది. "నా కొడుకు కట్టిన ఇల్లు నాకేంటికి అమ్మీ, మీ అమ్మను ఉండనీ" అంది. మళ్లీ తనే, మెల్లగా, "మందులకు ఎవురినీ అడక్కుండా ఉంటే చాలు" అంది. ఆ మాటకు బాబాయి తల దించుకున్నాడు. ఆయన తక్కువేమీ చేయలేదు. కానీ అడగడమే ఆమెకు కష్టంగా ఉండిందని మాకెవరికీ తట్టలేదు.

వంశవృక్షం నాలుగు పేర్లతో వచ్చింది. అవ్వ, నేను, తమ్ముడు ఇంట్లో మా హక్కులు అమ్మకు వదులుకుంటూ విడుదల పత్రం రాశాం. రిజిస్ట్రేషన్‌కు అవ్వను బెంగళూరు తీసుకొచ్చాం. (కదలలేని మనిషైతే రిజిస్ట్రారే ఇంటికొచ్చే వీలు చట్టంలో ఉంది.) అరిగిపోయిన ఆ వేళ్లను మిషన్ చాలాసేపు పట్టుకోలేదు. సంతకానికి ముందు వకీలు పత్రమంతా తెలుగులో చెప్పి వినిపించారు. అవ్వ ప్రతి వాక్యానికీ ఊఁ కొట్టింది. ఆ తర్వాత ఇంటి ఖాతా, అంటే నగరపాలిక ఆస్తి రికార్డు, అమ్మ పేరుకు మార్చమని అర్జీ పెట్టాం.

డిపాజిట్‌లో లక్షన్నర అవ్వ పేరున వేశాం. నామినీగా అమ్మ పేరు రాయించుకుంది. మొన్న పండక్కి పోతే పాస్‌బుక్కు నా చేతిలో పెట్టి, "నామినీ అంటే సొంతం గాదంటివి గదా. మీ అమ్మకే చెందాలంటే వీలునామా రాయాల్నా? ఇద్దరు సాక్షులు చాల్నా?" అని అడిగింది. చాలు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదని చెప్పాను. వచ్చే ఆదివారం రాయిస్తున్నాం.