పాత స్విచ్‌తో నాలుగు ఆదివారాలు: ఫైళ్లు దించడం, ఎక్కించడం

మొదటి ఆదివారం

విజయవాడ ఆటోనగర్‌లో పాత కంప్యూటర్ సామాను అమ్మే ఒక కొట్టులో సిస్కో క్యాటలిస్ట్ 2960 స్విచ్‌లు (కంప్యూటర్లను కేబుళ్లతో ఒక నెట్‌వర్క్‌గా కలిపే పెట్టెలు) రెండు దొరికాయి. ఏదో ఆఫీసులో తీసేసినవి. ఒకదానిలో ఐఓఎస్ (స్విచ్‌ను నడిపే సిస్కో సాఫ్ట్‌వేర్) 12.2 ఉంది, రెండోదానిలో 15.0. రెండోదాని ఇమేజ్, అంటే ఆ సాఫ్ట్‌వేర్ మొత్తం ఉన్న ఫైలు, దించి మొదటిదానిలోకి ఎక్కించాలని నా ఆశ.

అన్నిటికంటే ముందు రెండింటి ఇమేజ్‌లూ ల్యాప్‌టాప్‌లోకి దించుకున్నాను. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లకు సపోర్ట్ కాంట్రాక్ట్ ఉండదు కాబట్టి ఇమేజ్ పోతే కంపెనీ సైటు నుంచి మళ్లీ తెచ్చుకునే దారి లేదు. స్విచ్ లోపలి నిల్వ మెమరీ అయిన ఫ్లాష్‌లో ఉన్న ఆ ఒక్క ఫైలే మనకు ఆధారం.

కన్సోల్ కేబుల్ (స్విచ్‌కు నేరుగా కమాండ్లు ఇచ్చే తీగ) పెట్టి, సెకనుకు 9600 బిట్ల స్పీడులో లోపలికి వెళ్లి, వీలాన్ 1కి (వీలాన్ అంటే స్విచ్ లోపల విడదీసిన నెట్‌వర్క్ భాగం) 192.168.1.2 అడ్రస్ ఇచ్చి, దాన్ని ఆన్ చేసే ‘నో షట్‌డౌన్’ కొట్టాను. ల్యాప్‌టాప్‌కి 192.168.1.10. పింగ్ (అవతలి యంత్రం పలుకుతుందా అని చూసే పరీక్ష) వెళ్లలేదు. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, అయినా వెళ్లలేదు. అసలు కారణం స్పానింగ్ ట్రీ, నెట్‌వర్క్‌లో లూపు పడకుండా చూసే ఏర్పాటు. కేబుల్ పెట్టగానే పోర్టు 15 సెకన్లు లిజనింగ్‌లో, ఇంకో 15 సెకన్లు లెర్నింగ్‌లో ఉంటుంది. లైటు ఆకుపచ్చగా మారేదాకా ఆగితే చాలు. నేను కేబుల్ పీకిన ప్రతిసారీ ఆ అరనిమిషం మళ్లీ మొదటికి వచ్చేది. ఆ ఎదురుచూపు లేకుండా చేసే పోర్ట్‌ఫాస్ట్ పెట్టాక ఆ బాధ పోయింది.

ల్యాప్‌టాప్‌లో ఉబుంటు. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే సరళ పద్ధతి టీఎఫ్‌టీపీ కోసం టీఎఫ్‌టీపీడీ-హెచ్‌పీఏ అనే సర్వర్ వేశాను. స్విచ్‌లోకి ఎక్కించడానికి దానితో పేచీ లేదు కానీ, స్విచ్ నుంచి దించేటప్పుడు ఎర్రర్ వస్తుంది. ఫోల్డర్‌లో లేని ఫైలును ఆ సర్వర్ తనంతట తాను సృష్టించదు. అదే పేరుతో ఒక ఖాళీ ఫైలు ముందే పెట్టి, దానికి 666 పర్మిషన్ (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు) ఇవ్వాలి. లేదా సర్వర్ సెట్టింగుల్లో ‘క్రియేట్’ ఆప్షన్ చేర్చాలి. నేను రెండోదే చేశాను. టీఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ అనేదే లేదు కనుక పని అయిపోగానే సర్వర్ ఆపేస్తున్నాను.

ఆ తర్వాత ఇమేజ్‌లు చక్కగా దిగాయి. ఒక్కో ప్యాకెట్‌లో 512 బైట్లు, ప్రతి ప్యాకెట్‌కీ అవతలి నుంచి అందిందన్న జవాబు వచ్చాకే తర్వాతది బయలుదేరుతుంది. స్క్రీన్ మీద పడే ప్రతి ఆశ్చర్యార్థకం పది ప్యాకెట్లకు గుర్తు. 11 ఎంబీ ఫైలుకు అవి రెండు వేలు దాటతాయి. చుక్కలు పడుతుంటే మాత్రం జవాబు రావడం లేదని అర్థం.

మొదటి స్విచ్ కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలు కూడా దించాను.

రెండో ఆదివారం

ఫ్లాష్‌లో ఎప్పటివో పాత ఫోల్డర్లు కనిపించాయి. శుభ్రంగా మొదలుపెడదామని మొదటి స్విచ్ ఫ్లాష్‌ను ఫార్మాట్ చేశాను. స్విచ్ మామూలుగానే నడుస్తోంది, ఎందుకంటే ఐఓఎస్ ర్యామ్‌లోకి విప్పుకుని నడుస్తుంది. కొత్త ఇమేజ్ ఎక్కించడం మొదలైంది. సగంలో ఉండగా ఈదురుగాలి లేచి కరెంటు పోయింది.

కరెంటు వచ్చాక ఐఓఎస్ లేదు. ‘స్విచ్’ అన్న మాట, పక్కన కోలన్, అంతే. గుండె జారిపోయింది. పాత ఇమేజ్ ఫ్లాష్‌లోనే ఉండి ఉంటే ఇక్కడి నుంచే ‘బూట్’ కమాండ్‌కు దాని పేరు ఇచ్చి లేపేవాణ్ణి. చోటు సరిపోయేటప్పుడు పాతదాన్ని చెరపకూడదు, కొత్తది బూట్ అయ్యాకే తీయాలి.

మూడో ఆదివారం

ఆ దశలో ఐపీ అడ్రస్ ఉండదు, నెట్‌వర్క్ ఉండదు. కన్సోల్ కేబుల్ గుండా ఎక్స్‌మోడెమ్ ఒక్కటే దారి. 1977 నాటి పద్ధతి అది, 128 బైట్ల ముక్కలుగా పంపుతుంది. 9600 స్పీడులో సెకనుకు 960 బైట్లకు మించి వెళ్లవు. అందుకే 11 ఎంబీ కొత్త ఇమేజ్ వదిలేసి, 8 ఎంబీ ఉన్న పాత 12.2నే ఎంచుకున్నాను. దానికైనా ఆ లెక్కన రెండున్నర గంటలు కావాలి.

ముందు ఫ్లాష్‌ను సిద్ధం చేసే ‘ఫ్లాష్ ఇనిట్’. తర్వాత కన్సోల్ స్పీడు పెంచే ‘సెట్ బాడ్ 115200’. అది కొట్టగానే స్క్రీన్ మీద పిచ్చి అక్షరాలు వస్తాయి, కంగారు పడనక్కర్లేదు, ల్యాప్‌టాప్‌లోని కన్సోల్ ప్రోగ్రామ్ మినీకామ్‌లో కూడా స్పీడు అంతే పెట్టాలి. సగంలో ఆగిన ఫైలును తీసేసి, కాపీ ఎక్స్‌మోడెమ్ కమాండ్ ఇచ్చి, ఇటు నుంచి పంపాను. ఈసారి స్విచ్‌ను ఇన్వర్టర్ లైనుకు తగిలించాను. ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. అయ్యాక ‘అన్‌సెట్ బాడ్’ కొట్టి, మినీకామ్‌ను 9600కి తెచ్చి, బూట్ చేశాను. లేచింది. అంత సంతోషం ఈ మధ్య ఎరగను.

తర్వాత టీఎఫ్‌టీపీతో 15.0 ఎక్కించి, రీలోడ్ చేసే ముందు వెరిఫై కమాండ్‌తో ఎండీ5 (ఫైలు చెడలేదని చూపే కోడ్) చూసి, ల్యాప్‌టాప్‌లో వచ్చినదానితో అక్షరం అక్షరం సరిపోల్చాను. దించిపెట్టుకున్న కాన్ఫిగ్‌ను స్విచ్ లేచేటప్పుడు చదివే స్టార్టప్-కాన్ఫిగ్‌లోకి కాపీ చేశాను. అప్పటికి నడుస్తున్న రన్నింగ్-కాన్ఫిగ్‌లోకి చేస్తే అది పాతదాన్ని తీసేసి కూర్చోదు, ఉన్నదానితో కలిసిపోతుంది.

అయినా నా నాలుగు వీలాన్‌లు రాలేదు! అవి కాన్ఫిగ్ ఫైలులో లేవు, ఫ్లాష్‌లో వీలాన్ డాట్ డ్యాట్ అనే వేరే ఫైలులో ఉంటాయి. దాన్ని దించుకోలేదు. చేత్తో మళ్లీ రాశాను.

నాలుగో ఆదివారం

ఇప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీద గుప్తలిపిలో లోపలికి వెళ్లే దారి) ఉంది కాబట్టి, దాని మీదే ఫైళ్లు పంపే ఎస్‌సీపీ ప్రయత్నించాను. స్విచ్‌లో ‘ఐపీ ఎస్‌సీపీ సర్వర్ ఎనేబుల్’, ప్రివిలేజ్ 15 (పూర్తి అధికారం) ఉన్న యూజర్. ల్యాప్‌టాప్ ఒప్పుకోలేదు. ల్యాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి ఎస్‌సీపీ కమాండ్ లోపల ఎస్‌ఎఫ్‌టీపీ అనే వేరే పద్ధతి వాడుతుంది, ఈ స్విచ్‌కు అది తెలియదు. కమాండ్‌లో హైఫన్, పెద్ద ఓ చేరిస్తే పాత పద్ధతికి వెళ్తుంది. పాత కీ ఎక్స్ఛేంజ్, పాత సైఫర్ (గుప్తలిపి పద్ధతులు) కూడా ఈ ఒక్క అడ్రస్‌కే అనుమతించాను.

రెండు స్విచ్‌ల నుంచీ ఇమేజ్, కాన్ఫిగ్, వీలాన్ ఫైలు దించి, తేదీ పేరుతో ఫోల్డర్లలో పెట్టాను. ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో ఉంది.