మాచ్నూర్‌లో నేర్చుకున్న సంఘం షాట్

సంక్రాంతి వెళ్లిన వారం జహీరాబాద్‌లో బస్సు దిగాం. నాతో మా ఊరి పిల్లలు ఇద్దరు, మా దగ్గర మూడు ఫోన్లు, ఒక చిన్న మైకు. ఊళ్లోని పెద్దవాళ్ల పాటలు, సేద్యం ముచ్చట్లు రికార్డు చేసి గ్రంథాలయంలో భద్రపరచాలని ఆరు నెలల క్రితం పని మొదలుపెట్టాం. నలభై వీడియోలు పోగయ్యాక వెనక్కి తిరిగి చూస్తే సగం వాటిలో మాట్లాడుతున్నది ఎవరో, ఆ పాట ఏ సందర్భంలో పాడేదో రాసి పెట్టుకోలేదు. అందులో ఒక అవ్వ అప్పటికే కన్నుమూసింది. ఇక ఆ పాట గురించి ఎవరిని అడగాలి? ఆ బాధే, రికార్డు చేసే తీరు సరిగా నేర్చుకుందామని, మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చింది.

జహీరాబాద్ పక్కనే ఉన్న పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. 1983లో మొదలైంది. చుట్టుపక్కల ఊళ్ల దళిత మహిళా రైతులు సంఘాలుగా కూడి, బీడు పడ్డ నేలల్లో జొన్న, కొర్ర, సామ మళ్లీ పండించారు. దాని స్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసినవారు. 2023 మార్చిలో ఆయన కన్నుమూశారు. బడి మొహం చూడని ఆడవాళ్ల చేతికి కెమెరా ఇవ్వాలన్న పట్టుదల వెనుక ఆయన ఉన్నారు.

పస్తాపూర్ నుంచి మాచ్నూర్‌కు ఆటోలో వెళ్లాం. దారి పొడవునా జొన్న చేలు, వాటి మధ్య సాళ్లలో శనగ, కుసుమ. పిల్లలు ఆటో ఆపించి ఫోటోలు తీసుకున్నారు.

ఈ సంఘాల ఆడవాళ్లు నడిపే సంఘం రేడియో మాచ్నూర్‌లోనే ఉంది. 2008 అక్టోబరు 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినోత్సవం నాడు ప్రసారం మొదలైంది. స్టూడియో మాత్రం అంతకు పదేళ్ల ముందే సిద్ధమైంది. స్వచ్ఛంద సంస్థలు రేడియో నడపడానికి ప్రభుత్వం 2006 దాకా అనుమతి ఇవ్వలేదు. ఆ ఎదురుచూపుల కాలమంతా ఈ ఆడవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. పాటలు, విత్తనాల సంగతులు, పశువుల మందులు కేసెట్లలోకి ఎక్కించి, సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. గాలిలోకి వెళ్లనివ్వని గొంతులు అలా కేసెట్లలో నిలిచాయి. అనుమతి వచ్చేదాకా ఆగి ఉంటే ఆ పదేళ్లలో పోయిన పెద్దవాళ్లతోపాటు వాళ్ల పాటలూ పోయేవి. నాకు అన్నిటికంటే గట్టిగా తగిలిన సంగతి ఇదే.

ఆ ఆడవాళ్లు మాకు చెప్పిన కెమెరా పాఠం ఆరుబయట, చెట్టు కింద జరిగింది. కెమెరా పైనుంచి కిందికి చూస్తే ఇక్కడ దాన్ని పటేల్ షాట్ అంటారు. దొర అరుగు మీద నిలబడి కూలివాళ్లను చూసే చూపు అది. కెమెరా, మనిషి ఒకే ఎత్తులో ఎదురెదురుగా ఉంటే అది సంఘం షాట్. సంఘంలో అందరూ చాప మీద సమానంగా కూర్చుంటారు కదా, అందుకని. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు. మా నలభై వీడియోలు కళ్లముందు కదిలాయి. అవ్వలు గడప దగ్గర నేల మీద, మేము నిలబడి, చేతిలో ఫోను. అన్నీ పటేల్ షాట్లే.

తర్వాత మా కుర్రవాడికి ఒక పెద్దావిడ చేట చూపించింది. అందులో కొర్రలు పోసి చెరుగుతూ, ఆ చప్పుడు పట్టమంది. అతను మైకు బాగా దగ్గరగా పెట్టాడు. వింటే గాలి హోరు తప్ప ఏమీ లేదు. "దూరం జరుగు బిడ్డా, చేట ఊపిరి తీసుకోవాలి" అంది. జానెడు వెనక్కి జరిగాక గింజ రాలిన సన్నని సవ్వడి, పొట్టు ఎగిరిన సవ్వడి వేరువేరుగా వినిపించాయి. మా వాడు ఇయర్‌ఫోన్లు తీయకుండా అలాగే కూర్చుండిపోయాడు.

మరో మాట కూడా ఆవిడే చెప్పింది. పాట మొదలయ్యే ముందే పాడే మనిషి తన నోటితో పేరు, ఊరు, తిథో తేదీయో చెప్పాలి. కాగితం పోవచ్చు, ఫోను మారవచ్చు. పాటతోపాటే పేరు ఉంటే విడిపోదు.

తిరుగు ప్రయాణంలో బస్సులోనే పాత వీడియోలకు పేర్లు రాయడం మొదలుపెట్టాం. కొన్నింటికి గుర్తుపట్టగలిగాం. మిగిలినవి ఇంటింటికీ తిరిగి అడగాలి.

మరుసటి ఆదివారం ఊళ్లో మా పెద్దమ్మ ఎదురుగా చాప వేసుకుని కూర్చున్నాను. ఫోను ఆమె కళ్ల ఎత్తుకు పట్టుకున్నాను. నాట్ల పాట పాడమని అడిగాను. ముందు పేరు చెప్పమంటే ఆశ్చర్యపోయింది, నా పేరు నీకు తెలియదా అంది. తెలుసు పెద్దమ్మా, నీ నోటితో చెప్పు అన్నాను. కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, ఇంటి పేరుతో సహా చెప్పింది.