కేథీకి లింటన్ ఏమవుతాడు?

ఇంగ్లండ్‌లో పెరిగే మన పిల్లలు పదహారేళ్ళప్పుడు ఎమిలీ బ్రాంటీ నవల 'వదరింగ్ హైట్స్' మొదలుపెట్టి ఎక్కువగా తికమకపడేది మనుషుల దగ్గరే. కేథరీన్‌లు ఇద్దరు, తల్లీ కూతురూ. లింటన్ అన్నది ఒకరికి ఇంటిపేరు, ఇంకొకరికి సొంత పేరు. పైగా ఇంగ్లిష్‌లో అందరూ కజిన్లే. ఇక్కడ మన వరసలు చక్కగా అక్కరకొస్తాయి.

పెద్ద కాగితం అడ్డంగా పెట్టండి. ఎడమవైపు ఎర్న్‌షాలు: హిండ్లీ, చెల్లెలు కేథరీన్. కుడివైపు లింటన్లు: ఎడ్గర్, చెల్లెలు ఇసబెల్లా. మధ్యలో హీత్‌క్లిఫ్, లివర్‌పూల్ వీధిలో దొరికి ఎర్న్‌షాల ఇంట పెరిగినవాడు కాబట్టి అతనికి చుక్కల గీత. కేథరీన్, ఎడ్గర్‌ల కూతురు కేథీ. ఇసబెల్లా, హీత్‌క్లిఫ్‌ల కొడుకు లింటన్. హిండ్లీ కొడుకు హేర్టన్. ఇప్పుడు పిల్లల్నే అడగండి. కేథీకి లింటన్ మేనత్త కొడుకు, హేర్టన్ మేనమామ కొడుకు. ఇద్దరూ వరసైనవాళ్ళే. లింటన్‌తో పెళ్ళవుతుంది, అతను పోయాక చివర్లో హేర్టన్‌తో కుదురుతుంది. లింటన్ ఆమెకన్నా ఆరు నెలలు చిన్న కూడా.

కజిన్‌తో పెళ్ళా అని పిల్లలు ముఖం చిట్లిస్తే మాట దాటేయకండి. అప్పటి ఇంగ్లండ్‌లో అది చట్టబద్ధమే. నవలలో ఘోరం, హీత్‌క్లిఫ్ కేథీని ఇంట్లో బంధించి తన కొడుకుతో పెళ్ళి చేయించడం. భార్య చరాస్తి భర్తకు పోయే రోజులవి. కూతురి సొమ్ము ధర్మకర్తల చేతిలో పెడదామని ఎడ్గర్ కబురంపినా, హీత్‌క్లిఫ్‌కు అమ్ముడుపోయిన వకీలు సమయానికి రాడు.

వరసలు తెలిశాక మూడో అధ్యాయం మళ్ళీ చదివించండి. కిటికీ గట్టు మీద గీసిన పేర్లు: కేథరీన్ ఎర్న్‌షా, కేథరీన్ హీత్‌క్లిఫ్, కేథరీన్ లింటన్. తల్లి కలలూ బతుకూ ఆ వరుసలో ఉన్నాయి. కూతురు అదే దారిలో వెనక్కి నడిచి, లింటన్‌గా పుట్టి, హీత్‌క్లిఫ్ అయి, ఎర్న్‌షా కాబోతుంది. ఇంత లెక్కగా కట్టిన నవలను ఎమిలీ ఆవేశంలో రాసిపడేసిందని ఎలా అంటారో!

ఇంటిపట్టున ఉండే మనిషికి అంత ప్రేమ, అంత పగ ఎలా తెలిశాయన్నది పిల్లలు తప్పక అడిగే ప్రశ్న. ఎమిలీ బ్రాంటీ 1818లో పుట్టింది. తండ్రి ఐర్లండ్ నుంచి వచ్చిన మతాచార్యుడు, ఊరు యార్క్‌షైర్‌లోని హావర్త్. 1835లో బడికి పంపితే బెంగతో చిక్కి, కొన్ని నెలలకే ఇల్లు చేరింది. కానీ చెల్లెలు ఆన్‌తో కలిసి గోండల్ అనే ఊహాదేశాన్ని అల్లి, అక్కడి రాణుల, ఖైదీల గొంతుతో ఏళ్ళ తరబడి కవితలు రాసింది. నవలలోని సెగ అక్కడ రాజుకున్నదే. 1846లో అక్కచెల్లెళ్ళు ముగ్గురూ సొంత ఖర్చుతో వేసిన కవితల పుస్తకం మొదట అమ్ముడైంది రెండు ప్రతులు. 1847 డిసెంబరులో ఎల్లిస్ బెల్ పేరుతో నవల వచ్చింది; మరుసటి డిసెంబరు 19న క్షయతో ముప్ఫయ్యేళ్ళకే పోయింది.

కొనేముందు ఏ కూర్పో చూడండి. 1850 కూర్పులో అక్క షార్లెట్, ముసలి నౌకరు జోసెఫ్ యాసను తేలిక చేసింది. 1847 కూర్పైతే అతని మాటలు కళ్ళతో చదివితే అర్థం కావు. శ్రీకాకుళం యాసలో రాసిన కథలాగే పైకి చదవాలి, రెండుసార్లు, నెమ్మదిగా.