ఆ 8 నిమిషాల 50 సెకన్లు ఎక్కడివి?

నేను లెక్కలు చూసే ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పనివాళ్ల హాజరును గూగుల్ షీట్స్‌లో నమోదు చేస్తాము. ఉదయం 9:05 దాటి వచ్చినవారిని ఆలస్యంగా గుర్తించడానికి యాప్స్ స్క్రిప్ట్‌లో (షీట్స్‌కు సొంత ప్రోగ్రాములు రాసుకునే చోటు) నేనే ఒక కస్టమ్ ఫంక్షన్, అంటే సొంత ఫార్ములా, రాశాను. మొదటి నెల జీతాలు ఇచ్చిన రోజున ఒక కంపోజర్ వచ్చి, తాను ఏ రోజూ తొమ్మిది దాటాక రాలేదని, అయినా జీతంలో కోత పడిందని చెప్పాడు. షీట్ చూస్తే అతను వచ్చిన వేళ 9:00 అనే ఉంది, పక్క సెల్‌లో మాత్రం ‘ఆలస్యం’ అని ఉంది.

టైమ్ జోన్ తేడా అయి ఉంటుందని ముందు అనుకున్నాను. కానీ షీట్ సెట్టింగ్స్‌లోనూ, స్క్రిప్ట్ ప్రాజెక్టు సెట్టింగ్స్‌లోనూ కోల్‌కతా జోనే ఉంది. పనిగంటల మొత్తం కూడా సరిగానే వస్తుండటంతో తప్పు ఫంక్షన్‌లో లేదేమోనని రెండు రోజులు పొరబడ్డాను. వచ్చిన వేళా, వెళ్లిన వేళా ఒకే మేరకు జరిగితే వాటి మధ్య తేడా మారదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. చివరికి ఫంక్షన్ లెక్కిస్తున్న వేళను సెకన్లతో సహా చూపించాను. 9:00కు బదులు 9:08:50 వచ్చింది, ప్రతి వరుసలోనూ సరిగ్గా అంతే తేడా. ఏ రెండు దేశాల గడియారాల మధ్యా ఇప్పుడు ఇలాంటి తేడా ఉండదు.

ఫంక్షన్‌కు అందుతున్న విలువను ఏమీ మార్చకుండా, అక్షరాల రూపంలో సెల్‌లోకే తిరిగి పంపి చూశాను. 1899 డిసెంబర్ 30, 09:00:00, జీఎంటీ+0521 (గ్రీనిచ్ సమయం కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందు) అని కనిపించింది. షీట్స్‌లో తేదీలు రోజుల సంఖ్యలుగా ఉంటాయి, సున్నా అంటే 1899 డిసెంబర్ 30. తేదీ లేకుండా వేళ ఒక్కటే రాస్తే అది ఆ సున్నా రోజుకు చెందిన వేళగా స్క్రిప్ట్‌కు చేరుతుంది. భారత ప్రామాణిక సమయం అమల్లోకి వచ్చింది 1906 జనవరి 1న. అంతకుముందు మన రైళ్లు మద్రాసు సమయం ప్రకారం నడిచేవి, అది గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందు. కంప్యూటర్లు వాడే టైమ్ జోన్ పట్టికలో కోల్‌కతా జోన్‌కు 1899లో ఉన్నది ఆ సమయమే. నేనేమో వేళను అక్షరాల్లోకి మార్చేటప్పుడు ‘జీఎంటీ+5:30’ అని స్థిరంగా రాసేశాను. 5:30:00 నుంచి 5:21:10 తీసేస్తే మిగిలేది 8 నిమిషాల 50 సెకన్లు.

ఆ చోట ‘ఏషియా/కోల్‌కతా’ అని జోన్ పేరు రాసినా సరిపోయేది. కానీ జీతాల లెక్క నూరేళ్ల కిందటి గడియారం మీద ఆధారపడటం నాకు ఇష్టం లేకపోయింది. అందుకని ఫంక్షన్‌కు వేళనే పంపడం మానేసి, షీట్స్‌లోనే ఉన్న టు ప్యూర్ నంబర్ అనే ఫంక్షన్‌తో దాన్ని మామూలు సంఖ్యగా మార్చి పంపుతున్నాను. 9:00 అంటే రోజులో 0.375 వంతు, దాన్ని రోజులోని 1440 నిమిషాలతో గుణించి దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే 540 నిమిషాలు. రాత్రి షిఫ్టులో వెళ్లిన వేళ వచ్చిన వేళకన్నా చిన్నదైతే 1440 కలుపుతున్నాను.

పాత నెల మొత్తాన్ని మళ్లీ లెక్కించి, తప్పుగా కోసిన సొమ్మును అందరికీ మరుసటి వారమే ఇప్పించాను. ఆ షీట్ అడుగున ఇప్పుడు 9:00, 9:05, 9:06 వేళలతో మూడు పరీక్ష వరుసలు ఉంటాయి. వాటిలో చివరిది మాత్రమే ఆలస్యమని వచ్చిందో లేదో చూశాకే జీతాల పట్టీ ప్రింట్ తీస్తాను.