ఆకలి తీరేదాకా ఆగిన బాప్తిస్మం

బైబిల్లోని రోమా పత్రిక 6:4 చదవకుండా మన సంఘాల్లో బాప్తిస్మం జరగదు. నీళ్లలో మునగడమంటే క్రీస్తుతో పాతిపెట్టబడడం, పైకి లేవడమంటే నూతన జీవంలో నడవడానికి లేవడం అని ఆ వచనం భావం. "ఆయనతోకూడ పాతిపెట్టబడితిమి" అని పాస్టరుగారు చదువుతుండగానే ఫోన్లు పైకి లేస్తాయి. ఈమధ్య ఒకచోట అబ్బాయి నీళ్లలోంచి లేవగానే, "వీడియో సరిగా రాలేదు, ఇంకోసారి ముంచండి" అని వాళ్ల మామయ్య కేక వేశాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. సమాధిలోంచి లేచినవాణ్ణి వీడియో కోసం మళ్లీ పాతిపెడతామా?

తర్వాత తెలిసింది, ఆ నెలలోనే పెళ్లట. బాప్తిస్మం లేకపోతే చర్చిలో పెళ్లి చేయరని ఇంట్లో టెన్షన్.

ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టులం మనం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని గొప్పగా చెప్పుకుంటాం. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు. ఆ ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు తన చేత్తో ఒక్కరికీ ఇవ్వలేదు. ఆ సంఖ్య ప్రతి వార్షికోత్సవంలోనూ వింటాం. దానికి ముందు పదిహేను నెలలపాటు ఆయన బాప్తిస్మాలే ఆపేశారన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

అది కరువు కాలం. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆయన వేలమందికి కూలి ఇప్పించారు. పనికి వచ్చినవాళ్లు వాక్యం విన్నారు, నమ్మామన్నారు, బాప్తిస్మం అడిగారు. ఇవ్వలేదు. కూడు పెట్టే చేతే బాప్తిస్మమూ ఇస్తే, వచ్చింది కూటికో క్రీస్తుకో వాళ్లకే తెలియకుండా పోతుంది. సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. మాకేమీ ఇవ్వొద్దు, చేతుల బొబ్బలు చూడండి, పని చేసుకుని బతుకుతాం, చస్తే క్రైస్తవులుగా చస్తామన్నారు. అప్పుడు నది దగ్గరికి తీసుకెళ్లారు.

వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. సంఘంలో చేరినవాళ్లకు నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈ మూడూ పాటించినందుకే ఊరితో పేచీ. జాతరలో డప్పు కొట్టబోమని చెప్పినవాళ్ల మీద ఊరు కక్షగట్టింది. పాతిపెట్టబడడమంటే వాళ్లకు వివరించాల్సిన పని లేకపోయింది.

మరి బైబిల్లో అపొస్తలుల కార్యాల్లో ఐతియొపీయుడైన నపుంసకుడికి ఫిలిప్పు దారిలోనే ఇచ్చాడు కదా, ఫిలిప్పీలో చెరసాల నాయకుడు ఆ రాత్రే తీసుకున్నాడు కదా అంటారు. నిజమే. కానీ మొదటివాడు ఆరాధించడానికి యెరూషలేము దాకా వెళ్లి, తిరుగుదారిలో యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు. రెండోవాడు ముందు ఖైదీల గాయాలు కడిగాడు, తర్వాతే నీళ్లలో దిగాడు. నేనడిగేది ఎన్నాళ్లు ఆగారని కాదు. మధ్యలో ఇంకేదీ అడ్డం లేదా అని. ఆనాడు అడ్డం వచ్చింది అన్నం. ఇప్పుడు పెళ్లి. కొన్నిచోట్ల క్రైస్తవ సమాధుల తోటలో స్థలం. (బతికుండగా క్రీస్తుతో పాతిపెట్టబడమంటే చచ్చాక గుంట కోసం చూసుకుంటున్నాం!)

మా సంఘంలో బాప్తిస్మం అడిగే అభ్యర్థుల సాక్ష్యాలు వినడానికి నేనూ కూర్చుంటాను. కుర్రాళ్లు బట్టీపట్టిన వచనాలు గడగడా అప్పజెబుతారు. ఒకసారి పొలం పనికెళ్లే ఒకామె, "నాకు వచనాలు రావయ్యా. ఇదివరకు కోపమొస్తే కోడల్ని నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. ఇప్పుడు నోటిదాకా వస్తది, ప్రభువును తలుచుకుని మింగేస్తన్నా" అంది. అంతకన్నా ఏం అడుగుతాం? నూతన జీవంలో నడవడం అక్కడ మొదలైపోయింది.

తప్పు పిల్లలది మాత్రమే కాదు, బాప్తిస్మం లేనిదే పెళ్లి లేదన్న మన నియమమే వాళ్లను బాప్తిస్మపు తొట్టి దాకా నెడుతోంది. పాస్టరుగార్లూ, పెద్దలారా, ఆ రెంటినీ విడదీయండి. పెళ్లి తేదీ ఖాయం చేసుకుని బాప్తిస్మం అడగడానికి వచ్చిన పిల్లలకు ప్రార్థన చేసి సంతోషంగా పెళ్లి జరిపించండి. బాప్తిస్మానికి మాత్రం పెళ్లయ్యాక రమ్మనండి. అప్పుడూ వస్తే, ఆ వారమే ఇవ్వండి.