ఎన్‌పీసీ1 బ్యాండ్ కోసం నాలుగు బ్లాట్లు

అసలు పని ముగిశాక మిగిలే సాయంత్రాల్లో సరదాకి మొదలుపెట్టాను. కణంలో చెత్తను కరిగించే సంచులు, అంటే లైసోజోముల్లో పోగయ్యే కొలెస్ట్రాల్‌ను బయటికి పంపించే ఎన్‌పీసీ1 ప్రొటీన్‌ను హీలా కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలు) చూడాలని. చేతిలో ఉన్నది ఆ ప్రొటీన్‌ను వెతికి పట్టుకునే, కుందేలులో తయారైన యాంటీబాడీ. పద్ధతి వెస్టర్న్ బ్లాట్: ప్రొటీన్లను జెల్‌లో సైజును బట్టి విడదీసి, కాగితం లాంటి మెంబ్రేన్ మీదికి ఎక్కించి (ట్రాన్స్‌ఫర్), యాంటీబాడీతో బ్యాండ్‌గా, అంటే గీతగా చూడడం.

మొదటి బ్లాట్: అన్నింటికీ చేసినట్టే లైసేట్‌లో (కణాలను పగలగొట్టిన ద్రవం) ఎస్‌డీఎస్ డిటర్జెంట్ ఉండే లోడింగ్ బఫర్ కలిపి 95 డిగ్రీల్లో ఐదు నిమిషాలు ఉంచాను. తీరా చూస్తే మెంబ్రేన్ పై అంచున, వెల్ (శాంపిల్ పోసే గుంట) ఉండే చోట నల్లటి మరక, దాని కింద ఏమీ లేదు. పోలిక కోసం చూసే ప్రొటీన్ యాక్టిన్ మాత్రం శుభ్రంగా వచ్చింది. యాంటీబాడీ పాడైపోయిందని తిట్టుకున్నాను. పాపం, దాని తప్పేం లేదు. ఎన్‌పీసీ1 లైసోజోమ్ పొరలోంచి 13 సార్లు అటూ ఇటూ దూరి వెళ్తుంది. నీళ్లంటే పడని ఆ ముక్కలన్నీ మరిగిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకడతాయి. ముద్ద జెల్‌లోకి దిగదు.

రెండోది: మరిగించకుండా 37 డిగ్రీల్లో అరగంట. బ్యాండ్ వచ్చింది, కానీ సగమే. సెమీ డ్రై (కొద్ది బఫర్‌తో త్వరగా ముగిసే) ట్రాన్స్‌ఫర్ అయ్యాక జెల్‌కి ప్రొటీన్లకు పట్టే రంగు కూమాసీ పట్టిస్తే పెద్ద ప్రొటీన్లు చాలావరకు అందులోనే కనిపించాయి. అందుకే ఇప్పుడు 8 శాతం జెల్, వెట్ ట్రాన్స్‌ఫర్ (బఫర్‌లో ముంచి చేసేది), కోల్డ్ రూమ్‌లో రాత్రంతా 30 వోల్టులు. తొందరపడితే కుదరని పని.

మూడోసారి బ్యాండ్ దిట్టంగా వచ్చింది, దాంతోపాటు టెన్షన్ కూడా. 1278 అమైనో ఆమ్లాలు కాబట్టి లెక్క ప్రకారం 142 కిలోడాల్టన్లు (ప్రొటీన్ల బరువు కొలత) ఉండాలి. నాది 180 దగ్గర కూర్చుంది. ప్రొటీన్‌కి అతుక్కున్న చక్కెర గొలుసుల బరువే అయ్యుంటుందని వాటిని తెంపే ఎంజైమ్ పీఎన్‌గేస్ ఎఫ్‌తో కోసి చూశాను. మామూలు పద్ధతిలో ముందు 100 డిగ్రీల్లో పది నిమిషాలు పెట్టమంటారు. ఆ పని మళ్లీ చేస్తానా! దాన్నీ 37కే దించాను. ఎస్‌డీఎస్ ఈ ఎంజైమ్‌ను దెబ్బతీస్తుంది కాబట్టి దాన్ని అదుపు చేసే మరో డిటర్జెంట్ ఎన్‌పీ-40 కలపడం మర్చిపోకూడదు. కోసిన లేన్‌లో (జెల్‌లో ఒక్కో శాంపిల్ నడిచే వరుస) బ్యాండ్ 140 వైపు జారింది. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

నాలుగోదాంట్లో నాకౌట్ కణాల (ఎన్‌పీసీ1 జన్యువును పనిచేయకుండా చేసినవి) లైసేట్‌ను పక్క లేన్‌లో వేశాను. 180 దగ్గరి బ్యాండ్ మాయమైంది. 60 దగ్గర సన్నటి గీత మాత్రం రెండు లేన్లలోనూ ఉంది, అంటే అది మనది కాదు. నా దృష్టిలో ఈ ఒక్క లేన్ ముందు డేటాషీట్‌లోని అందమైన ఫొటోలన్నీ దిగదుడుపే. మొదటి రోజే వేసి ఉండాల్సింది.

ప్రైమరీ (ఎన్‌పీసీ1ను పట్టుకునే మొదటి యాంటీబాడీ) 1:1000, 5 శాతం పాలపొడి ద్రావణంలో, 4 డిగ్రీల్లో రాత్రంతా. యాంటీబాడీని చిన్న గొట్టాల్లో పంచి తేదీ రాసిపెట్టాను. వాడిన ప్రైమరీని దాచుకోవాలంటే సోడియం అజైడ్ కలపొచ్చు, విషం కాబట్టి గ్లవ్స్‌తోనే. హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్ తగిలించిన సెకండరీలో (ప్రైమరీని పట్టుకుని దాన్ని కనిపించేలా చేసే రెండో యాంటీబాడీ) మాత్రం వద్దు, అజైడ్ ఆ ఎంజైమ్ పని ఆపేస్తుంది.

వచ్చే వారం కవర్‌స్లిప్‌ల (పల్చటి గాజు పలకలు) మీద కణాలకు, లైసోజోములను గుర్తుపట్టించే ప్రొటీన్ లాంప్1తో కలిపి రంగు వేయాలి. లాంప్1 యాంటీబాడీ ఎలుకది కాబట్టి సెకండరీలు కలగాపులగం కావు. కణాలు నిన్ననే వేశాను.